గురి తప్పించడం చేతకాక

నలభై దాటిన ఏడాది నాకు అన్నిటికంటే ముందు కనపడకుండా పోయింది పిస్టల్ కొన. పేపర్లో అక్షరాలు, బియ్యంలో రాళ్ళు, సూది బెజ్జం ఆ తర్వాత ఒక్కొక్కటిగా పోయాయి. వాటి గురించి నాకు పెద్ద దిగులు లేదు. పేపరు మావారు చదివి చెప్పేవారు, రాళ్ళు పంటికింద పడ్డప్పుడు ఎలాగూ తెలిసేవి. కొన కనపడకపోతే మాత్రం నా కాపురం ఢిల్లీ నుంచి కదిలిపోతుంది.

కొన అంటే ఏమిటో ముందు చెప్పాలి. పిస్టల్ గొట్టం చివర, పైన, గోరంత ఇనప పలక ఒకటి నిలబడి ఉంటుంది. వెనక, మన కంటికి దగ్గరగా, నడుమ గాడి ఉన్న మరో పలక ఉంటుంది. ఆ గాడిలోకి ముందు పలక సరిగ్గా మధ్యకు రావాలి. రెండిటి తలలూ ఒకే మట్టంలో ఉండాలి. వాటి పైన టార్గెట్టు మీది నల్లటి గుండ్రం కూర్చోవాలి. దీన్ని మా బలగంలో శిస్త్ తీసుకోవడం అనేవారు. మనిషి కన్ను మూడు దూరాలను ఒకేసారి తేటగా చూడలేదు, ఒకదాన్నే ఎంచుకోవాలి. ఎంచుకోవలసింది ముందున్న కొనను. గుండ్రం అలుక్కుపోయినట్టున్నా ఫరవాలేదు, వెనక గాడి మసగ్గా ఉన్నా ఫరవాలేదు, కొన అంచులు మాత్రం కొత్త బ్లేడులా కనపడాలి. కొత్తవాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. కొట్టవలసినదాని వైపే గుడ్లప్పగించి చూస్తూ చేతిలో కొన ఎటు ఒరిగిందో చూసుకోరు. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే అక్కడ జానెడు తేడా వస్తుంది.

నేనొక కేంద్ర బలగంలో సబ్‌ఇన్‌స్పెక్టర్‌ని. తొంభైల నడుమ మా మహిళా కంపెనీ ఢిల్లీలో ఉండేది. పెద్దవాళ్ళ ఇళ్ళ ముందు కాపలా కాయడం, సభలకు వచ్చే ఆడవాళ్ళను తనిఖీ చెయ్యడం, ఊరేగింపులకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడటం మా పనులు. నడుముకు పిస్టల్ వేలాడేది గానీ దాన్ని ఏనాడూ ఒకరి మీదికి ఎత్తింది లేదు. అలా ఎత్తనక్కరలేని పిస్టల్‌తోనే ఏడాదికోసారి రేంజికి వెళ్ళి, ఇంకా గురి ఉందని నిరూపించుకోవాలి. ముందటి ఏడాది నేను తప్పాను. వరసగా రెండోసారి తప్పినవాళ్ళను పిస్టల్ డ్యూటీ నుంచి తీసేసి, తూర్పున ఎక్కడో ఉన్న మా హెడ్‌క్వార్టర్స్‌కి పంపించేసేవారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేం ముగ్గురం ఒక కప్పు కింద ఉండటం ఢిల్లీలోనే మొదలయింది. అంతకుముందు నేను ఈశాన్యపు కొండల్లో, మావారు ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా, మా అమ్మాయి ఒంగోల్లో మా అక్క దగ్గర. నాకు ఢిల్లీ పోస్టింగ్ దొరికాక జనక్‌పురిలో మేడమీద రెండు గదులు తీసుకుని పిల్లను తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలో అది నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసేది. నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అడిగేది. మెల్లమెల్లగా ఆ అడగడం మానేసింది. హిందీ నేర్చుకుని, ఆ హిందీలోనే నాతో పోట్లాడటం మొదలుపెట్టింది. పిల్ల తల్లితో ధైర్యంగా పోట్లాడుతోందంటే తల్లి ఎక్కడికీ పోదని దానికి నమ్మకం కుదిరినట్టే. ఆ నమ్మకం చెడకుండా చూడటమే ఆ ఏడాది నాకున్న అసలు పని. మిగతాదంతా జీతం కోసం చేసేది.

ఆ రోజులు గుర్తు తెచ్చుకుంటే ఇప్పటికీ నా పిక్కలు లాగుతాయి. పొద్దున్నే పిల్లకు డబ్బా, మావారికి డబ్బా, నాకు మిగిలితే నాకో డబ్బా. ఎర్ర బస్సులో వేలాడుతూ డ్యూటీకి. ఎవరి బంగళా ముందో ఎండలో, లోపల ఉన్నారో లేరో తెలియనివాళ్ళ కోసం సాయంత్రం దాకా నిలబడటం. తిరిగి బస్సు. ఇంటికొచ్చి బూట్లు విప్పితే పాదాలు నావి కావేమో అనిపించేది. పక్కింటి పంజాబీ ఆవిడ నా యూనిఫాం చూసి, ఎంత దర్జా ఉద్యోగం అనేది. దూరపు కొండలు నునుపు. ఒక్కపూట నా బూట్లు తొడిగిస్తే తెలిసేది ఆవిడకు ఆ దర్జా.

చత్వారం అన్న సంగతిని మా కంపెనీలో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. కళ్ళద్దాలు పెట్టుకుంటే మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, అది తగ్గితే హెడ్‌క్వార్టర్సే అని ఎవరు పుట్టించారో పుట్టించారు. ఆఫీసులో అడిగితే నిజమో కాదో తేలిపోయేది. అడిగితే మన గుట్టు మనమే చెప్పుకున్నట్టవుతుందని ఒక్కరూ అడగలేదు. ఆ వయసులో ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒకే జత కళ్ళద్దాలు ఉండేవి, అల్మారాలో బూట్ పాలిష్ డబ్బాల వెనక. డ్యూటీ కాగితం వస్తే దాన్ని గదిలోకి పట్టుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, ఒకరి తర్వాత ఒకరం ఆ అద్దాలు పెట్టుకుని చదువుకునేవాళ్ళం. కేరళ ఆవిడ ఒకామె మాత్రం అద్దాలు ముట్టేది కాదు. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి, చెయ్యి ఇంకాస్త పొడుగు లేదే అన్నట్టు మొహం పెట్టేది. కంపెనీలో కొత్తగా చేరిన చిన్నవాళ్ళు ఎవరైనా దీదీ, నేను చదవనా అంటే మాకు ఒళ్ళు మండేది.

కాగితమంటే పంచుకుని చదువుకోవచ్చు. రేంజిలో నా వంతు వచ్చినప్పుడు నా కంటితో నేనే చూడాలి. పాతిక గజాల అవతల గుండ్రం ముత్యంలా కనిపించేది, చాచిన చేతి చివర కొన మాత్రం ఉన్ని గుడ్డలా కనిపించేది. ముందటి ఏడాది తప్పినప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. పిస్టల్ సైట్ వంకరగా ఉందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నదట. మాకు ఫైరింగ్ నేర్పే ఇన్‌స్పెక్టర్, అందరూ ఉస్తాద్ అని పిలిచే హర్యానా ఆయన, ఆ మాట విన్నాడు. నా పిస్టల్ తీసుకుని మూడు తూటాలు కొట్టి, మూడూ నల్ల గుండ్రంలో పడ్డాక పిస్టల్‌ని నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఈసారి అలా కాకూడదని, చలికాలం వెళ్ళగానే, యూనిఫాం లేకుండా చీర కట్టుకుని జనక్‌పురిలోనే ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పరీక్ష చేస్తూ చేస్తూ సన్నటి చిల్లులున్న నల్లటి బిళ్ళ ఒకటి నా కంటి ముందు పెట్టాడు. అంతవరకూ చీమల బారులా ఉన్న చిన్న అక్షరాలు ఒక్కసారిగా విడివిడిగా లేచి నిలబడ్డాయి. ఇదేం మాయ అని అడిగితే, సన్నటి చిల్లులోంచి చూస్తే దగ్గరవీ దూరానివీ రెండూ కాస్త తేటపడతాయని, కాకపోతే వెలుతురు బాగా ఉండాలని చెప్పాడు. చదువుకునే అద్దాలకు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ ఏమైందో గుర్తులేదు. ఆ చిల్లు మాత్రం నా బుర్రలో కూర్చుండిపోయింది.

మా స్నానాల గది అద్దం నిండా నా బొట్టు బిళ్ళలే. ఆ వారంలో ఒక పొద్దున నల్లబొట్టు ఒకటి అద్దం మీంచి తీసి, సూదిని స్టవ్ మీద కాల్చి, బొట్టు నడుమ చిన్న చిల్లు పొడిచాను. ఫైరింగ్‌లో ఖాళీ తూటా గొట్టాలు మొహం మీదికి ఎగురుతాయని కొందరు సాదా గాజు కళ్ళజోళ్ళు పెట్టుకునేవాళ్ళు, దానికి ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. అలాంటి జోడు ఒకటి కొని, కుడి అద్దం మీద నా చూపు వెళ్ళే చోట ఆ బొట్టు అంటించాను. దాంతో గదిలో చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరు మీద గీతలు కనిపించాయి, ఎదురుగా గోడమీద కేలెండర్ కూడా కనిపించింది. మావారు గుమ్మంలో నిలబడి చూసి, అమ్మవారికి మూడో కన్ను వచ్చిందని నవ్వారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

కన్ను కుదిరితే సరిపోదు, చెయ్యి కూడా కుదరాలి. పప్పు ఉడుకుతున్నంత సేపూ ఇస్త్రీ పెట్టె పట్టుకుని చెయ్యి చాచి నిలబడేదాన్ని. భుజం భగభగమనేది. డ్యూటీ అయ్యాక ఆయుధాల గదిలో ఖాళీ పిస్టల్ మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగర్ నొక్కడం సాధన చేసేదాన్ని. ట్రిగర్‌ని గుంజకూడదు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కుతూ పోవాలి, ఎప్పుడు పేలిందో మనకే తెలియకూడదు. ఇప్పుడు పేలుతుందని తెలిస్తే చెయ్యి ముందే జడిసి కిందికి దిగుతుంది. కుడిచేతివాళ్ళు అలా జడిస్తే తూటాలు ఎడమవైపు కింది మూలకు పోయి చెల్లాచెదురుగా పడతాయి. రేంజిలో ఉస్తాద్ వెనక నిలబడి ఎప్పుడూ ఒకే పాట పాడేవాడు, సాంస్ రోకో, టిప్ దేఖో అని. ఊపిరి బిగబట్టి కొనను చూడటమే. ఇన్నేళ్ళుగా వింటున్న ఆ మాట నాకు ఆ ఎండాకాలంలోనే మొదటిసారి అర్థమయింది.

అర్థమయ్యాక ఒక సంగతి జరిగింది, దాన్ని దాచడం అనవసరం. నాకు అది నచ్చింది. కొన గాడిలో నిలబడి, గుండ్రం దాని వెనక్కి జరిగిపోయి, వేలు తనంతట తాను వెనక్కి వస్తున్న ఆ రెండు మూడు క్షణాల్లో నాకు పాదాల నొప్పి తెలిసేది కాదు. డబ్బాలు, బస్సు, బంగళా గేట్లు ఏవీ ఉండేవి కావు. పేలిన తర్వాత అవన్నీ మళ్ళీ వచ్చేవి. అందుకని ఇంకోసారి కొట్టాలనిపించేది.

పరీక్ష రోజున లారీలో గుర్‌గావ్ దాటించి, రాళ్ళ గుట్టల నడుమనున్న రేంజికి తీసుకెళ్ళారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మిగతావాళ్ళు అబ్బా అంటుంటే నేను లోపల సంతోషించాను, ఎండ ఉంటేనే నా చిల్లు పనిచేస్తుంది. బొట్టు చూసి ఉస్తాద్ అదేమిటన్నాడు. ఎండకు అన్నాను. ఠీక్ హై అన్నాడు. నా వంతు రావడం, కొట్టడం, అయిపోవడం జరిగాయి. టార్గెట్టు కాగితాలు తెచ్చి పరిస్తే నా కాగితం మీద నల్ల గుండ్రం నడుమ సాసరంత జాగాలో అన్ని చిల్లులూ ఉన్నాయి. కంపెనీ మొత్తంలో నాదే మొదటి స్థానం. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. ఇంటికెళ్ళేటప్పుడు పిల్లకు ఐస్‌క్రీం కొన్నాను, అది సగం దారిలోనే కారిపోయింది.

వారం తిరక్కుండా కబురు వచ్చింది. ఆడవాళ్ళ కోసం మధ్యప్రదేశ్‌లో ఒక కొత్త శిక్షణ కేంద్రం తెరుస్తున్నారు, అక్కడ పిస్టల్ నేర్పడానికి ఆడ ఉస్తాద్‌లు కావాలి. ఫైరింగ్‌లో పైన నిలిచిన ముగ్గురం ఇంకోసారి రేంజికి రావాలి. అందులోంచి ఒకరిని ఎంచుకుంటారు. వెళ్ళినవాళ్ళు కనీసం మూడేళ్ళు అక్కడే. కుటుంబాలకు క్వార్టర్లు లేవు.

మావారు ఆ సంగతి విని కంచం పక్కకు జరిపారు. ఆయన గొంతు ఎత్తే మనిషి కాదు. గొంతు ఎత్తకుండా మాట్లాడితేనే నాకు ఎక్కువ తగిలేది.

"పాసైతే చాలదా నీకు? ఎవరు కొట్టమన్నారు అన్నీ నడిమధ్యలో?" అన్నారు.

కొన కనిపించింది కాబట్టి కొట్టాను. కనిపిస్తుంటే పక్కకు ఎలా కొడతారు? తప్పితే హెడ్‌క్వార్టర్సు, నెగ్గితే మధ్యప్రదేశ్. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆయనే ఉపాయం చెప్పారు. పాసైన సంగతి కాగితం మీదికి ఎక్కిపోయింది, దాన్ని ఎవరూ చెరపరు. ఈ రెండో ఫైరింగ్‌లో నాలుగు తూటాలు అటూ ఇటూ పోనిస్తే ఇంకెవరినో పంపుతారు. అది న్యాయమే. మిగతా ఇద్దరిలో ఒకామెకు పెళ్ళి కాలేదు, వెళ్ళాలని ఉబలాటపడుతోంది. పక్కగదిలో పిల్ల పాఠం పైకి చదవడం ఆపేసి వింటోందని మా ఇద్దరికీ తెలుసు. దానికి వినపడాలనే నేను కాస్త గట్టిగా, సరే, తప్పిస్తాను అన్నాను.

రెండోసారి రేంజికి వెళ్ళేటప్పుడు లారీలో కూర్చుని ఎలా తప్పించాలా అని ఆలోచించాను. ఊరికే గాల్లోకి కొడితే దొరికిపోతాను. నమ్మేలా తప్పాలి. అందరూ ఎలా తప్పుతారో అలా తప్పాలి. ట్రిగర్ గుంజేవాళ్ళ తూటాలు ఎడమ కింది మూలకు పోతాయి గదా, నేనూ అక్కడికే కొడతాను, వయసయిపోయింది, చెయ్యి జడుస్తోంది అనుకుంటారు. ఆ ఆలోచన నాకు చాలా తెలివిగా అనిపించింది.

లైన్లో నిలబడ్డాను. నల్ల గుండ్రాన్ని వదిలేసి, కాగితం ఎడమ కింది మూలకు శిస్త్ తీసుకున్నాను. ఊపిరి బిగబట్టాను. కొన తేటగా నిలబడింది. వేలు మెల్లగా వెనక్కి వచ్చింది, పేలింది. మళ్ళీ అక్కడికే, మళ్ళీ పేలింది. చెయ్యి వదులు చేద్దామని, ట్రిగర్ గుంజేద్దామని ప్రతిసారీ అనుకున్నాను. అనుకున్నది బుర్రలోనే ఉండిపోయేది, చెయ్యి తనకు నేర్పిన పని తాను చేసుకుపోయేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కాదు, పప్పు ఉడికేలోపు వచ్చింది, అయినా పోలేదు. ఆ క్షణాల్లో నా పాదాలు నొప్పెట్టలేదన్న సంగతి కూడా నాకు తెలుస్తూనే ఉంది.

కాగితాలు వచ్చాయి. మిగతా ఇద్దరివీ బాగానే ఉన్నాయి, గుండ్రం లోపలా బయటా కలిపి. నా గుండ్రంలో ఒక్క చిల్లూ లేదు. ఎడమ కింది మూలలో, అరచెయ్యి పెడితే కప్పేసేంత జాగాలో అన్నీ ఉన్నాయి. కమాండెంట్ చూసి పెదవి విరిచి, ఈవిడకు ఇవాళ ఏమయిందన్నాడు. నేను తల వంచుకుని, ట్రిగర్ గుంజాను సర్ అన్నాను. ఉస్తాద్ ఆ కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా పిస్టల్ అడిగి తీసుకుని, లైన్లోకి వెళ్ళి కొట్టాడు. అన్నీ గుండ్రం మధ్యలోకే వెళ్ళాయి. సైట్‌లో వంకర లేదని ఆయనకు తేలిపోయింది. ట్రిగర్ గుంజినవాళ్ళ తూటాలు అలా ఒక్కచోట కూర్చోవని ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

పిస్టల్ నా చేతికిస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"గల్తీ భీ ఏక్ హీ జగహ్? ఐసా హాథ్ ఛుపతా నహీ, మేడమ్."

తప్పు కూడా ఒకే చోటా, ఇలాంటి చెయ్యి దాగదు అని. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నేను ఎదురు చెప్పేదాన్ని. ఆయన కమాండెంట్ దగ్గరికి వెళ్ళి, నేర్పడానికి ఈవిడే కావాలని చెప్పాడు, అంతే. నేను కావాలని మూలకు కొట్టిన సంగతి మాత్రం చెప్పలేదు, తూటాలన్నీ ఒక్కచోటే పడ్డాయి కాబట్టి తప్పు సైట్‌దేనని, సరిచేయిస్తానని నాకోసం అబద్ధమాడాడు. నేను వెంటపడి, ఇంట్లో పిల్ల ఉంది సాబ్ అని చెప్పి ఉండవచ్చు. ఆయనకూ పిల్లలున్నారు, వినేవాడేమో. నోటిదాకా వచ్చింది. కానీ ఆ కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది, ఆయన దాన్ని పక్కవాళ్ళకు చూపిస్తున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పనిని ఒకరు అలా ఎత్తిపట్టి చూపించడం అదే మొదలు. నేను వెళ్ళి లారీ ఎక్కి కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి మావారు కూరగాయలు తరుగుతున్నారు. తలెత్తి నా మొహం వైపు చూశారు. తప్పించే కొట్టానని, అన్నీ ఒకేచోట పడ్డాయని చెప్పాను. ఆయన కత్తిపీట పక్కకు పెట్టి, చేతులు తుడుచుకుని, అలా పడటం మంచిదా చెడ్డదా అని అడిగారు. మంచిదే అన్నాను. ఆయనకు అర్థమయింది. కోప్పడతారనుకున్నాను. ఆయనా అలసిపోయి ఉన్నారు, కోపానికి ఓపిక కావాలి. నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, మళ్ళీ కత్తిపీట ముందు కూర్చున్నారు.

బూట్లు విప్పుకుంటుంటే పిల్ల వచ్చి నా ముందు నేలమీద కూర్చుంది. పోట్లాటకు వచ్చిందనుకుని, ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. నెలనెలా వస్తాను, సెలవల్లో నువ్వే రావచ్చు, మూడేళ్ళు ఎంతలో తిరుగుతాయి. అది అవేవీ అడగలేదు. నా మొహంలోకి తేరిపార చూసింది.

"ఆప్ ఖుష్ హో నా, మమ్మీ?" అంది, నువ్వు సంతోషంగానే ఉన్నావు కదా అని.

లేదు, నాకు చాలా బాధగా ఉంది అని చెప్పాలనుకున్నాను. బాధగా ఉండటం అబద్ధమూ కాదు. కానీ అది అడిగింది బాధ గురించి కాదు. అది నా కళ్ళలోకే చూస్తోంది, నేను చూపు తిప్పుకోలేకపోయాను.

అవునన్నాను. అది తల ఊపి, లేచి, నా బూట్లు తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత నేను బయల్దేరేదాకా అది నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు.